ఒక్క మాటకి సరిపడా లైసెన్సు

దిబ్బలపాలెంలో బోనెల వారి ఇంట్లో ఉన్నంత తెలివి చుట్టుపక్కల ఏడూళ్ళలో లేదని చెప్పుకునేవారు. ఎవరు చెప్పుకునేవారంటే, బోనెల వారే.

ఇంటి పెద్ద గవరయ్య. ఒకనాడు ఆయన నడిచి పొరుగూరు పోతుంటే దారిలో వంతెన దగ్గర బోర్డు కనిపించింది, 'బండి నెమ్మదిగా నడపవలెను' అని. గవరయ్యకి బండి లేదు. అంతే, వెనక్కి తిరిగి ఇంటికొచ్చి, ఎదురింటివాళ్ళని బతిమాలి ఎడ్లబండి తీసుకుని, ఆ వంతెన మీద నెమ్మదిగా నడిపి వచ్చాడు. "చదువుకున్నవాళ్ళు కూడా ఆ బోర్డుని లక్ష్యపెట్టకుండా ఉత్త కాళ్ళతో దాటిపోతున్నారే" అని భార్య ఆదెమ్మతో చెప్పి బాధపడ్డాడు.

ఆదెమ్మకి తెలివితో పాటు ఒక కోరిక కూడా ఉండేది. మనవరాలు పున్ని నోట మొదటి మాటగా 'మామ్మా' అనిపించుకోవాలని. కొడుకు పోలినాయుడు చిన్నప్పుడు మొదటి మాట 'గేదె' అన్నాడు. ఆ బాధ ఆవిడ మనసులోంచి ఇంకా పోలేదు. అందుకే పున్నికి ఏడాది నిండగానే ఒళ్ళో కూచోబెట్టుకుని, "మామ్మ అనవే, మా తల్లి కదూ, మామ్మ" అని పొద్దస్తమానం చెప్పేది. పున్ని ఆవిడ పెదాలకేసి చూసి 'మ్' దాకా వచ్చి ఆగిపోయేది.

ఇలా ఉండగా పోలినాయుడు టౌనుకెళ్ళి ఒక కబురు మోసుకొచ్చాడు.

"అమా, సర్కారు ఆఫీసు గోడకి కాయితం అంటించారు. ఎవడో దొంగ డాక్టరు నత్తి పోగొడతానని కొట్టు పెట్టాడంట. 'లైసెన్సు లేనివారు పిల్లలకు మాటలు నేర్పరాదు, నేర్పినచో శిక్ష తప్పదు' అని రాశారు. నేను రెండుసార్లు చదివాను."

ఆదెమ్మ ఒళ్ళో పిల్లని మెల్లిగా చాప మీదికి దింపింది.

"ఒరే, మూడు నెలల్నుంచీ నేను చేస్తున్నదదే కదరా!"

"ఎవరైనా చూశారా?" అన్నాడు గవరయ్య.

"వీధి అరుగు మీద కూచుని చేశానయ్యా. ఊరంతా చూసింది."

ఇంకేముంది, గవరయ్య తలుపు గడియ పెట్టి తీర్పు చెప్పాడు. లైసెన్సు వచ్చేదాకా పున్ని ఎదుట ఎవరూ నోరు విప్పకూడదు.

"మరి పిల్లకి ఆకలేస్తే ఎలా మావా?" అంది కోడలు దాలమ్మ.

"ఏడుస్తుంది. ఏడుపు మనం నేర్పింది కాదు. అది నేరంలోకి రాదు."

ఆ మర్నాటినుంచి ఇంట్లో చప్పుడు లేదు. చేతులతోనే అన్నీ. ఎదురింటి ఎద్దు వచ్చి అరుగు మీద ఎండబెట్టిన వడియాలు తింటుంటే, పున్ని పక్కనే ఉందని నలుగురూ అదిలించకుండా చేతులు ఊపారు. ఎద్దు ఆ మర్యాదకి పొంగిపోయి చాటంతా ఖాళీ చేసింది. పొరపాటున ఎవరైనా మాట జారుతారేమోనని గవరయ్య అందరి చెవుల్లోనూ దూది పెట్టించాడు. పున్ని చెవుల్లో కాదు, పెద్దవాళ్ళ చెవుల్లోనే. "మనకి వినపడకపోతే రేపు సాక్ష్యం అడిగినా విన్నామని చెప్పక్కర్లేదు" అన్నాడు. దూది పెట్టాక అన్నాడు కాబట్టి ఎవరికీ వినపడలేదు.

పది రోజులు చూసింది ఆదెమ్మ. పిల్ల ఆవిడ మూసిన పెదాల మీద వేలు పెట్టి తడుముతుంటే తట్టుకోలేక, చెవుల్లో దూది తీసి, చీర మార్చుకుని టౌనులో ఆఫీసుకి బయల్దేరింది.

"ఏం మామ్మా, ఏం కావాలి?" అన్నాడు గుమస్తా.

ఆదెమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఆ మాట నీకెవరు నేర్పారు బాబూ?"

"ఏ మాట? మామ్మా అనా? మా అమ్మే అయ్యుంటుంది."

"ఆవిడకి లైసెన్సుందా?"

గుమస్తా చేతిలో కలం కింద పెట్టాడు. "లేదు."

"నేనెవరికీ చెప్పన్లే. నాకు మాత్రం ఒకటి ఇప్పించు. మనవరాలికి ఒక్క మాట నేర్పాలి. ఒక్క మాటకి సరిపడా ఇస్తే చాలు."

గుమస్తాకి ఆ పూట వేరే పని లేదు. ఓపిగ్గా చెప్పాడు. "స్పీచ్ థెరపిస్టు లైసెన్సంటే అలా రాదు మామ్మా. గుర్తింపు ఉన్న కాలేజీలో డిగ్రీ చదవాలి. అనుభవం ఉన్నవాళ్ళ కళ్ళ ముందు, మాట రానివాళ్ళకి ఇన్నేసి గంటలని నేర్పాలి. ఆ గంటలు పుస్తకంలో రాయాలి. అప్పుడు రిజిస్ట్రేషను."

"ఇదంతా ఎన్ని మాటలకి బాబూ?"

"అన్ని మాటలకీ."

"నాకొక్కటే కదా."

"ఒక్క దానికైనా ఇంతే."

ఆదెమ్మ ఇంటికొచ్చి, పున్ని నిద్రపోయాక అందరి చెవుల్లో దూది తీయించి సంగతి చెప్పింది. డిగ్రీ తరవాత చూసుకోవచ్చు, ముందు గంటలు కానిద్దాం అనుకున్నారు. అనుభవం ఉన్నవాడు పోలినాయుడే. ముప్ఫై ఏళ్ళుగా ఆపకుండా మాట్లాడుతున్నాడు. మరి మాట రానివాడెవరు? ఊళ్ళో అందరికీ వచ్చు.

"ఇంటి పెద్దని. నేనే మర్చిపోతాను" అన్నాడు గవరయ్య. అంతే, ఆ పూటనుంచి ఆయన పూర్తిగా మర్చిపోయాడు.

రోజూ పున్ని నిద్రపోయే వేళకి పశువుల పాకలో చదువు మొదలు. ఆదెమ్మ ఎదురుగా కూచుని "మామ్మ" అనేది. పోలినాయుడు కళ్ళింత చేసుకుని చూసేవాడు. వాడు రెప్ప వేసినప్పుడల్లా దాలమ్మ గోడ మీద బొగ్గుతో గీత గీసేది. కళ్ళ ముందు జరగాలన్నారు కదా, కళ్ళు మూసినప్పుడు జరిగింది లెక్కలోకి రాదు. సాయంత్రం ఆ గీతలన్నీ తీసేసి మిగిలింది పుస్తకంలో ఎక్కించేవారు. నెల తిరిగేసరికి గోడ నల్లబడింది, పోలినాయుడి కళ్ళు ఎర్రబడ్డాయి, పుస్తకంలో రెండు పేజీలైనా నిండలేదు.

గవరయ్య మాత్రం మాట నేర్చేసుకున్నాడు. ఒక్కటే నేర్పారు, ఒక్కటే వచ్చింది. నేర్పనిది మాట్లాడితే మోసం అవుతుందని ఇంకోటి పలికేవాడు కాదు. మంగలి వచ్చి "మీసం ఉంచనా, తీసెయ్యనా?" అంటే "మామ్మ" అన్నాడు. మంగలికి అర్థం కాక సగం తీశాడు. చావు పరామర్శకి వెళ్ళి, ఆ ఇంటాయన్ని పట్టుకుని "మామ్మ" అన్నాడు. పోయింది వాళ్ళ మామ్మే కావడంతో అందరూ ఘొల్లుమన్నారు. గవరయ్యంత మనసున్న మనిషి లేడని ఊళ్ళో పేరొచ్చింది.

ఇటు పున్నికి ఏడాదిన్నర దాటింది. ఒక్క మాట లేదు. ఇంతకు ముందు వచ్చిన 'మ్' కూడా పోయింది. ఆకలేస్తే చెయ్యి ఊపుతోంది, అచ్చం ఎద్దుకి ఊపినట్టు. అది చూసింది ఆదెమ్మ. గంటలు నిండేసరికి పిల్లకి పెళ్ళీడు వచ్చేస్తుంది, ఇక జన్మలో తన్ని పిలవదేమో అని పాకలో కూచుని ఏడ్చింది.

ఊళ్ళో టీకాలు వేసే నర్సమ్మ ఈ సంగతి కనిపెట్టి టౌన్లో ఎవరికో చెప్పినట్టుంది, ఒక మధ్యాహ్నం నిజం స్పీచ్ థెరపిస్టే వచ్చింది. పేరు భ్రమరాంబ.

"పిల్లతో ఎవరూ మాట్లాడరా?" అంది ఆవిడ.

నలుగురూ ఆవిడ్ని పాకలోకి లాక్కుపోయి, పుస్తకం చూపించి, గోడ చూపించి, జరిగిందంతా గుసగుసగా చెప్పారు. గవరయ్య కూడా తన వంతుగా "మామ్మ" అన్నాడు.

భ్రమరాంబ తల పట్టుకుంది. "ఆ కాయితం కొట్లు పెట్టేవాళ్ళకి. ఇంట్లో సొంత పిల్లతో మాట్లాడడానికి లైసెన్సెందుకమ్మా?"

"అలా అని ఆ కాయితంలో రాశారా?" అన్నాడు పోలినాయుడు.

"లేదు."

"నేను రెండుసార్లు చదివాను."

ఇక లాభం లేదని ఆవిడ సంచీలోంచి తన సర్టిఫికెట్టు తీసింది. "ఇదిగో, నాకుంది. నా పూచీ మీద మాట్లాడండి." పోలినాయుడు రెప్ప వెయ్యకుండా చదివి తలూపాడు.

అందరూ పాకలోంచి ఇంట్లోకి రాగానే ఆదెమ్మ పిల్ల ఎదుట కూలబడింది. మూడు నెలలకి పైగా దాచుకున్న గొంతు విప్పింది. "మామ్మ అనవే, నా తల్లీ."

పున్ని ఆవిడ పెదాలకేసి చూసింది. చాలాసేపు చూసింది. "మామ్మా" అంది.

దాలమ్మ ఏడ్చింది. గవరయ్య మీసం లేనివైపు తుడుచుకున్నాడు. ఆదెమ్మ "మళ్ళీ అను" అంది, పిల్ల మళ్ళీ అంది, ఇంకోసారి అంటే ఇంకోసారి అంది.

భ్రమరాంబ కళ్ళద్దాలు తుడుచుకుని, "అమ్మా, కాసిన్ని మంచినీళ్ళిస్తారా? నాలుగింటి బస్సుకి వెళ్ళాలి" అంది. తాగి, పున్ని బుగ్గ గిల్లి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో చెప్పింది. "పిల్ల ముందు నేనెలా మాట్లాడానో చూశారుగా? రోజూ అలాగే మాట్లాడండి."

లైసెన్సున్న మనిషి చెప్పింది కదా. మర్నాటి మధ్యాహ్నం పున్నిని చాప మీద కూచోబెట్టి, గవరయ్య సర్దుకుని కూచున్నాడు. "అమ్మా, కాసిన్ని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు. ఇచ్చారు. తాగాడు. తరవాత పోలినాయుడు అడిగాడు, తాగాడు. దాలమ్మ అడిగింది, తాగింది. ఆదెమ్మకి దాహం లేకపోయినా తాగింది. ఆ పైన నలుగురూ పిల్లకేసి తిరిగి, ఒక్కో మాటా విడదీసి, "నాలుగింటి బస్సుకి వెళ్ళాలి" అన్నారు.

అనేశాక ఆదెమ్మకి బెంగ పట్టుకుంది. "వెళ్ళాలని చెప్పి ఇంట్లో కూచుంటే పిల్లకి అబద్ధం నేర్పినట్టు కాదూ? దానికి ఏ లైసెన్సూ ఉండదయ్యా."

నిజమే అనుకున్నారు. అంతే, ఇంటికి తాళం వేసి, పున్నిని చంకనేసుకుని రోడ్డు మీదికొచ్చారు. నాలుగింటికి బస్సొచ్చింది. ఎక్కేశారు.

కండక్టరు దగ్గరికొచ్చి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.



"అది డాక్టరమ్మ చెప్పలేదు బాబూ" అంది ఆదెమ్మ.