అడవి పూసుకున్న ఎరుపు

ఒకప్పుడు లంబా అనే తెగవాళ్ల అడవిలో చిగుళ్లన్నీ పుట్టడమే పచ్చగా పుట్టేవి. అదీ వాన పడ్డాకే. కాబట్టి వాన ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలిసేది కాదు.

తెలియకపోతే వాళ్లకు కడుపు నిండదు. వాళ్లది పోడు సేద్యం మరి! కొమ్మలు నరికి, ఎండబెట్టి, కుప్పేసి కాలుస్తారు. వాన పడగానే ఆ బూడిదలో జొన్నలు చల్లుతారు. మరీ ముందు కాలిస్తే బూడిద గాలికి పోతుంది. ఆలస్యమైతే కుప్ప తడిసి పొగ తప్ప మంట రాదు.

కసూబా అనే ఆవిడకు ఒక ఏడు బూడిద గాలికి పోయింది. మరుసటి ఏడు కుప్ప తడిసింది. ఇక మిగిలింది బుట్టెడు విత్తనాలు. అవీ పోతే తనూ, కూతురు మ్వేన్యా పస్తులే.

"ఈసారి కొమ్మలు చాలవు, చెట్టునే పడగొడతా" అంటూ గొడ్డలి పుచ్చుకుని ముసాసా చెట్టు దగ్గరికి వెళ్లింది.

"ఆగు తల్లీ!" అంది చెట్టు. "చేతులు నరుక్కో, మళ్లీ మొలుస్తాయి. మెడ నరికితే నేనుండను. అయినా నీకు తక్కువైంది కట్టెలా, అదునా?"

ఉన్నమాట అంటే ఎవరికైనా ఉలుకే. కసూబాకు ఒళ్లు మండింది. "అదును చెప్పేదెవరు? పైనున్న లేసా దేవుడు పలకడాయె!"

"నా వేళ్లకు వాన మూడు రోజుల ముందే తెలుస్తుంది. కానీ నేనెంత అరిచినా నీ పొలం దాకా వినబడదు. దూరానికి కనబడే రంగేదైనా ఇవ్వు."

కసూబా ఇంట్లో అలాంటిది ఒక్కటే ఉంది. సొరబుర్రలో ఎర్రపొడి. పెద్దమనిషయిన పిల్లకు ఒంటినిండా పూస్తారు. కూతురి కోసం ఎర్రచెక్క అరగదీసి రెండేళ్లు కూడబెట్టింది.

మ్వేన్యా బుర్రను వాటేసుకుంది. "నాదమ్మా అది! ఎర్రపొడి లేకుండా కూర్చుంటే ఊరు నవ్వదూ?"

"నవ్వనీవే. ముందు నువ్వు బతకాలి కదా" అంది కసూబా. కూతురి చేతుల్లోంచి బుర్రను మెల్లగా విడిపించుకుంది. పొడంతా తీసుకెళ్లి చెట్టు మొదట్లో పోసింది. చెట్టు తన వంతు తీసుకుని, మిగతాది వేళ్లమీదుగా పక్క చెట్లకూ పంచింది.

ఎండలు ముదిరాయి. ఒకరోజు పొద్దున్నే చూస్తే అడవంతా ఎర్రటి చిగుళ్లు! కసూబా వెంటనే కుప్పకు నిప్పు పెట్టింది.

"మబ్బుతునకైనా లేదు, దీనికి మతిపోయింది" అని నవ్వారు ఇరుగుపొరుగు.

మూడోనాడు వాన దంచికొట్టింది. నవ్విన వాళ్ల కుప్పలు తడిశాయి. కసూబా బూడిదలో జొన్నలు చల్లుకుంది. చిగుళ్ల ఎరుపు కడుక్కుపోయి ఆకులు పచ్చబడ్డాయి. ఆ ఏడు కసూబా గాదె నిండింది. పొరుగువాళ్లకూ ఆవిడే పెట్టింది.

మరుసటి వేసవిలో మ్వేన్యా పెద్దమనిషయింది. ఖాళీ బుర్ర ముందు కూర్చుని కసూబా ఏడ్చింది. మ్వేన్యానే తల్లి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"అటు చూడమ్మా!"

కొండ చివరిదాకా చెట్లన్నీ ఎర్రగా నిలబడి ఉన్నాయి.

"ఊళ్లో ఏ పిల్లకైనా ఇంత పూశారా?" అంది మ్వేన్యా.

అప్పటినుంచే ఆ అడవి వానకు ముందు ఎర్రగా చిగురించి, వాన పడ్డాక పచ్చబడుతోంది. అప్పటినుంచే లంబా వాళ్లు గొడ్డలితో చెట్టెక్కి కొమ్మలే నరుకుతారు, మొదలు జోలికి పోరు.