బల్ల మధ్యలో పొయ్యి

అనగనగా ఒక ఊరు. ఏడు సముద్రాల అవతల ఏం కాదులే, మన పెనుకొండ పక్కనే, హైవే మీద. ఆ ఊళ్ళో ఓబులమ్మ అని ఒకామె ఉండేది. ఆమె మొగుడు నారప్ప, కొడుకు గిరీశు, కూతురు అంజని. అంజని అచ్చం నీ ఈడు పిల్లే. ఊ కొట్టు మరి, నువ్వు ఊ కొట్టకపోతే కథ నడవదు.

ఓబులమ్మ చేతి వంట తిన్నవాళ్ళు వేళ్ళు నాక్కునేవాళ్ళు. కానీ ఆమె తింటూ ఉండగా మాత్రం ఎవరూ ఎదురుగా చూడలేదు. అందరికీ వడ్డించి, అందరూ చేతులు కడుక్కున్నాక, వంటింట్లో గోడవైపు తిరిగి కూచుని, గిన్నెలో మిగిలిందేదో నాలుగు ముద్దలు మింగి లేచేది. ఎవరైనా రమ్మంటే "మీరు కానీండి" అనేది. ఆ ఇంట్లో ఎవరికీ అది వింతగా తోచలేదు. రోజూ చూసేది వింతెట్లా అవుతుంది చెప్పు?

ఒకరోజు బళ్ళో టీచరమ్మ, మీ అమ్మకు ఏం తినడం ఇష్టమో చెప్పండి అని పిల్లల్ని ఒక్కొక్కర్నీ లేపింది. ఒకడు జిలేబీ అన్నాడు. ఒకతె ఉగ్గాని అంది. అంజని వంతు వచ్చింది. లేచి నిలబడింది కానీ అమ్మకు ఏమిష్టమో తనకు తెలీదు.

అప్పుడు అంజని ఇంటికొచ్చి నాయన్ని అడిగింది. "మీ అమ్మకా? అన్నీ ఇష్టమే" అన్నాడు నారప్ప. ఆ తర్వాత అన్నను అడిగింది. "గిన్నెకంటిన మాడుచెక్క. ఎప్పుడూ అదే కదా తినేది!" అని నవ్వాడు గిరీశు. ఆ తర్వాత అమ్మనే అడిగింది. "మీరు తింటే నా కడుపు నిండినట్లే పాపా" అంది ఓబులమ్మ.

ముగ్గుర్ని అడిగినా జవాబు దొరకలేదు. అంజనికి ఎందుకో భయం వేసింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అమ్మ కడుపునిండా తింటుంటే చూడాలి అనుకుంది.

అప్పుడు గిరీశుకు కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది. ఆ ఫ్యాక్టరీకి కొరియా దేశం నుంచి వచ్చిన వాళ్ళ కోసం హైవే మీద వాళ్ళ హోటళ్ళు వెలిశాయి కదా, "ఆదివారం అందరం అక్కడికే పోదాం. అమ్మకు ఒకపూటన్నా వంట తప్పుతాది" అన్నాడు గిరీశు. అంజని ఎగిరి గంతేసింది. హోటల్లో వంటిల్లు ఎక్కడో లోపల ఉంటుంది. అమ్మ పోదామన్నా పోనివ్వరు. కూచుని తినక ఏం చేస్తుంది?

పోయారు. కూచున్నారు. చూస్తే ఏముంది? బల్ల మధ్యలో పొయ్యి! దాని మీద ఇనప చట్రం, పైనుంచి ఏనుగు తొండంలా వేలాడే పొగ గొట్టం. మొదట చిన్న చిన్న గిన్నెల్లో రకరకాల పచ్చళ్ళు, అన్నం వచ్చాయి. ఆ తర్వాత గంపెడు పచ్చటి ఆకులు వచ్చాయి. ఆ తర్వాత పళ్లెం నిండా మాంసం వచ్చింది. పచ్చిది.

"ఏమమ్మా, ఉడికించేది మర్చిపోయినారే!" అన్నాడు నారప్ప, పళ్లెం తెచ్చిన అమ్మాయితో.

"కాదు నాయనా, ఈడ మనమే కాల్చుకోవాల" అన్నాడు గిరీశు.

అంతే. తండ్రీ కొడుకులు ఇద్దరూ ఓబులమ్మ వైపు చూశారు. అడిగే పనే లేదు, ఆమె అప్పటికే కొంగు దోపుకుని లేచింది. ఒక చేతిలో పట్టకారు, ఇంకో చేతిలో కత్తెర. అక్కడ మాంసాన్ని కత్తెరతోనే ముక్కలు చేస్తారట! అంజనికి ఏడుపొచ్చింది. ఎక్కడికి పోయినా పొయ్యి మా అమ్మను వెతుక్కుంటూ వస్తుందే అనుకుంది.

మొదటి వాయి నారప్ప పళ్లెంలోకి పోయింది. రెండో వాయి గిరీశు పళ్లెంలోకి. మూడో వాయి అంజని పళ్లెంలోకి. తండ్రీ కొడుకులు "బాగుందే, బాగుందే" అంటూ తల ఎత్తకుండా తింటున్నారు.

ఆ హోటలు నడిపే కొరియా ఆమెను అందరూ ఇమో అని పిలుస్తారు. ఇమో అంటే వాళ్ళ భాషలో పిన్నమ్మ. ఇమో అటుగా పోతూ ఆగింది. అందరి పళ్లేలూ నూనెతో మెరుస్తున్నాయి, ఓబులమ్మ పళ్లెం మాత్రం కడిగినట్టు తెల్లగా ఉంది. వచ్చీరాని ఇంగ్లీషులో గిరీశుతో ఏదో అంది. గిరీశు మొహం చిన్నబోయింది.

"ఏమంటాంది రా?" అన్నాడు నారప్ప.

"అమ్మ ఎందుకు తినల్యా అంటాంది. అమ్మకు ఏమిష్టమో చెప్తే అదే చేసుకొస్తుందంట."

అదే ప్రశ్న! ఆ బల్ల దగ్గర అమ్మ కాక ముగ్గురున్నారు, ఒక్కరికీ జవాబు తెలీదు. నారప్ప చేతిలో ముక్కను పళ్లెంలో పెట్టేశాడు. పాతికేళ్ళు ఆమె చేతి కూడు తిన్నాడు మరి.

అప్పుడు అంజని పక్క బల్ల వైపు చూసింది. అక్కడొక కొరియా తాత ఆకులో ఇంత అన్నం, ఒక మాంసం ముక్క పెట్టి, మడిచి, పక్కనున్న అవ్వ నోట్లో పెట్టాడు. అవ్వ ఒక్క పెట్టున అందుకుంది. ఓహో, ఇది మన గోరుముద్దే కదా! అంజని గబగబా ఒక ఆకు తీసింది. మొదటి ఆకు చినిగి అన్నమంతా ఒళ్ళో పడింది. రెండోది కుదిరింది, కానీ ఓబులమ్మ దాన్ని చూసి "నాయనకు పెట్టు పో" అంది. అంజని మూడో ఆకు తీసింది. అన్నం పెట్టింది, మాంసం పెట్టింది, పొయ్యి మీద కాలుతున్న వెల్లుల్లి రెబ్బ ఒకటి పెట్టింది. మడిచి కుర్చీ ఎక్కి నిలబడింది.

ఓబులమ్మ "నువ్వు తిను పా..." అని నోరు తెరిచిందో లేదో, ముద్ద లోపలికి పోయింది!

తోసేద్దామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. వద్దందామంటే నోరు ఖాళీ లేదు. నమలక ఏం చేస్తుంది? నమిలింది. బుగ్గ ఉబ్బింది. కళ్ళు మూతలు పడ్డాయి. అమ్మ తింటే ఇట్లా ఉంటుందా అని అంజని రెప్ప వేయకుండా చూసింది.

ఆ తర్వాత నారప్ప లేచాడు. పెళ్ళాం చేతిలో పట్టకారు తీసుకుని "నువ్వు కూచో" అన్నాడు. పుట్టి బుద్ధెరిగి పొయ్యి దగ్గరికి పోని మనిషి! వాయి మొత్తం మాడ్చిపెట్టాడు. అయినా ఎవరూ నవ్వలేదు. ఓబులమ్మ కూచుంది. వేడి వేడిగా, అందరితో పాటు, అందరి ఎదురుగా తినింది. కాసేపటికి తలొంచుకుని, కొత్త పెళ్ళికూతురిలా మెల్లిగా అడిగింది.

"పాపా... ఆ కాలిన ఎల్లిపాయ ఇంకో రెండు రెబ్బలు పెడతావా?"

ఆ ఇంట్లో ఆమె తన కోసం ఏదైనా అడగడం అదే మొదలు. అంజని గంపంతా గాలించి పెద్ద ఆకు వెతికింది. మర్నాడు బళ్ళో ఎవరూ అడగకుండానే లేచి నిలబడి, "టీచర్, మా అమ్మకు కాల్చిన ఎల్లిపాయ ఇష్టం" అని చెప్పింది.

అదే రోజు రాత్రి ఇంట్లో ఓబులమ్మ అలవాటుగా మూడు పళ్లేలు వేసింది. అప్పుడు నారప్ప లేచి నాలుగోది తెచ్చి వేశాడు. "మీరు కానీండి" అంది ఆమె. ముగ్గురిలో ఒక్కరూ అన్నం ముట్టుకోలేదు. ఆమె చూసి చూసి, వచ్చి కూచుంది.

ఏమిటే, ఊ కొట్టడం మానేశావు? మీ అమ్మకు ఏమిష్టమో ఆలోచిస్తున్నావా? అడగొద్దు తల్లీ. అడిగితే అమ్మలు చెప్పరు. పెట్టి చూడాలి.

కథ పోయె కంచికి,
ముద్ద పోయె నోటికి,
అమ్మ వచ్చె పంక్తికి,
నిద్ర వచ్చె కంటికి.