బకెట్టులో దాచిన స్పాంజి

నేను ఇంతకుముందు ఏదీ రాసినదాన్ని కాదు. ఐదో తరగతితో బడి మానేశాను. ఉత్తరం రాయాల్సి వచ్చినా మా చెల్లెలి చేత రాయించుకునేదాన్ని. అయినా మా గురువుగారి దగ్గర జరిగిన ఈ సంగతి నోటిమాటగానే ఉండిపోతే తలా ఒకలా చెప్పుకుంటారని, నేను చూసిందీ కనకరత్నం నాతో చెప్పుకున్నదీ కలిపి రాస్తున్నాను. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి.

సామర్లకోట స్టేషను రోడ్డులో బులిరామయ్య గారికి రంగుచేపల దుకాణం. పగలంతా చేపలు అమ్ముకుంటారు. సాయంత్రం షట్టరు సగం దించి, బల్లల మీద సర్దుకు కూర్చున్న పదిమందికి తత్వం చెబుతారు. కాషాయం కట్టరు, కాళ్లకు దణ్ణం పెట్టనివ్వరు. ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. ముందు చేతికో పని అప్పజెప్పి, అది కానివ్వండి తరవాత చూద్దాం అంటారు. పక్కనున్న సైకిల్ షాపు సత్తిబాబు, జీతం లేని పనివాళ్లను సంపాదించడానికి ఇదో తత్వం అని వెక్కిరించేవాడు. గురువుగారు నవ్వేవారే గాని కాదనేవారు కాదు.

కనకరత్నం మాలో అందరికంటే వెనక కూర్చునే మనిషి. నలభయ్యో ఏట పెళ్లయింది. కరెంటాఫీసులో లైన్‌మన్ సూరిబాబు మొదటి భార్య రమణి జ్వరంతో పోతే, ఎనిమిదేళ్ల ఆడపిల్ల ఉన్న ఆ ఇంటికి రెండో భార్యగా వెళ్లింది. వెళ్లిన వారంలోనే ఇల్లు కడిగి, గోడలకు సున్నం వేయించి, మసిపట్టిన గిన్నెలన్నీ చింతపండుతో తోమి బంగారంలా చేసింది. పెరుగు కుండ మరిగే నీళ్లతో కడిగేసి, పుట్టింటి నించి కొత్త తోడు తెచ్చి పాలు తోడేసింది. ఆ రోజు పిల్ల యామిని ఒక్క ముద్ద నోట పెట్టుకుని, "ఇది మా పెరుగు కాదు" అని కంచం తోసేసింది. చిన్నతనం, నాలుగు రోజుల్లో అదే సర్దుకుంటుందిలే అనుకుంది కనకరత్నం. ఎదురింటి మంగతాయారు గారు మాత్రం, మా ఇంట్లో ఏడేళ్లుగా రమణి ఇచ్చిన తోడేనమ్మా అంది మాటల మధ్యలో. అది తనను దెప్పడానికే అన్నదనుకుని కనకరత్నం ఆ గుమ్మం తొక్కడం మానేసింది.

నాలుగు నెలలు గడిచాయి. పిల్ల రోజూ నాలుగు ముద్దలు కతికి లేచిపోయేది. మెడ ఎముకలు తేలాయి. తుని నించి పిల్ల అమ్మమ్మ ఫోన్ చేసి, ఆదివారం పది గంటల పాసింజరుకి వస్తున్నాను, బట్టలు సర్ది ఉంచు, మా పిల్లను మేం తీసుకుపోతాం అంది. సూరిబాబు ఆ మాట విని డ్యూటీకి వెళ్లిపోయాడు. ఆ మర్నాడు బుధవారం. అందరూ లేచి వెళ్లేదాకా ఆగి, కనకరత్నం మొదటిసారి గురువుగారి ముందు నోరు విప్పింది.

"ఏ లోటూ చెయ్యలేదండి. నా పిల్లయినా ఇంతకంటే చెయ్యలేను. మరి నా చేతి అన్నం ఎందుకు తినదండి?"

గురువుగారు తాను విశాఖపట్నం వెళ్లి శనివారం మధ్యాహ్నానికి వస్తానని, అప్పటిదాకా ఎదర తొట్టెలోని చేపలకు పూటకో చిటికెడు మేత వేసి పెట్టమని తాళం చేతికిచ్చారు. ఆ తొట్టె అమ్మకానిది కాదు. అందులో ఐదు బంగారుచేపలు. తోకలు పట్టుపరికిణీల్లా ఆడిస్తూ తిరిగేవి. గురువుగారు తత్వం చెబుతూ చెబుతూ వాటివైపు చూసేవారు.

గురువారం పొద్దున్న మేత వేయడానికి వెళ్లిన కనకరత్నానికి తొట్టె అద్దానికి పట్టిన నాచు, అడుగున రాళ్ల మధ్య మురికి కనిపించాయి. పాత ఫిల్టరు గురగురమంటోంది. కొత్తది అట్టపెట్టెలోనే పక్కన ఉంది. గురువుగారు మార్చడం ఎన్నోసార్లు చూసిందే. ఆయన వచ్చేసరికి తొట్టె మెరిసిపోవాలనుకుంది. చేపలను బేసినులోకి తీసి, రాళ్లు ఉడకబెట్టింది. అద్దం ఉప్పుతో తోమి ఆరబెట్టింది. నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్తే, మందు కలిసిన కుళాయి నీళ్లు పొయ్యకుండా డ్రమ్ములో రెండు రోజులుగా నిలవున్నవే పోసింది. కొత్త ఫిల్టరు బిగించింది. పాత ఫిల్టరులోంచి తీసిన స్పాంజి నల్లగా, జిడ్డుగా ఉండి, చెరువు అడుగు మట్టి వాసన వేస్తోంది. పారేద్దామని చెత్తబుట్ట దాకా వెళ్లి ఆగింది. గురువుగారి వస్తువు, అడక్కుండా పారెయ్యడానికి నాకేం హక్కుంది అనిపించింది. ఆ బెరుకుతోనే పాత నీళ్లున్న బకెట్టులో దాన్ని పడేసి, పెరట్లో మెట్టు చాటున దాచింది.

శుక్రవారం సాయంత్రానికి చేపలు తోకలు ముడుచుకున్నాయి. ఆకలేమో అని ఇంకో చిటికెడు వేసింది. శనివారం ఉదయానికి నాలుగు చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఐదోది అడుగున పక్కకు ఒరిగిపోయింది. నీళ్లు మాత్రం అద్దంలా ఉన్నాయి. సత్తిబాబు గుమ్మంలోంచి తొంగి చూసి, "కడిగి కడిగి చంపేశారేంటండీ" అన్నాడు. హాస్యానికే అన్నాడు గాని, కనకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను వెళ్లేసరికి గురువుగారు బస్సు దిగి నేరుగా వచ్చి ఉన్నారు. చచ్చిన చేపను అరచేతిలోకి తీసి, మల్లె కుండీలో పాతిపెట్టారు. తరవాత పాత స్పాంజి ఏదని అడిగారు. పారేశానంటే ఏమంటారో, దాచానంటే ఏమంటారో తెలియక ఆమె పెరట్లోకి పరిగెత్తి బకెట్టు తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ముఖంలో వెలుగు రావడం మేమిద్దరం చూశాం.

తొట్టెలో పావు వంతు నీళ్లు తోడేసి, నిలవ నీళ్లు నెమ్మదిగా పోయించారు. మేత డబ్బా తీసి పై అరలో పెట్టారు. ఆ స్పాంజిని పాత నీళ్లలోనే మెల్లగా అటూ ఇటూ ఆడించి, పిండకుండా, కొత్త ఫిల్టరుకు ఆనించి పెట్టారు. చేపలు తమ ఒంట్లోంచి వదిలేదే వాటికి విషమట. ఈ నల్లటి జిడ్డులో కంటికి కనపడని ప్రాణులుండి దాన్ని తింటూ నీటిని కాస్తాయట. మనం మురికి అనుకున్నది వాటి ఇల్లు. ఇంతవరకూ ఆయన పాఠం చెప్పినట్టే చెప్పారు.

కనకరత్నం కొత్త ఫిల్టరు వైపు చెయ్యి చాచి, "అయితే ఆ కొత్తదాన్ని తీసేయనాండీ?" అంది.

ఆయన చప్పున తల తిప్పారు. "ఎందుకమ్మా తియ్యడం? అది మంచిదే. దానికింకా ఈ తొట్టె సంగతి తెలీదు, అంతే. పాతదాన్ని పక్కన ఉండనీ. నెల తిరిగేసరికి ఇదీ నేర్చుకుంటుంది."

ఆమె తొట్టె పక్కన బల్ల మీద కూర్చుని చేపలను కనిపెట్టుకుని ఉంది. పొద్దు వాలేసరికి చేపలు పైనించి కాస్త కిందికి దిగాయి, ఒకటి తోక విప్పింది. ఇక వెళ్లొస్తానని చెప్పులేసుకుంటుంటే గురువుగారు వెనకనించి, "రేపు కూడా మేత వెయ్యకు. సొమ్మసిల్లినవాటిని తినమని బతిమాలకూడదు" అన్నారు. ఆమె బుధవారం అడిగిన దాని గురించి ఆయన ఆ రోజూ మాట్లాడలేదు, తరవాతా మాట్లాడలేదు.

ఆమె ఇల్లు చేరేసరికి ఎదురింట్లో దీపం పెట్టేశారు. దీపాలు పెట్టాక మా వైపు ఎవరూ పాలూ పెరుగూ ఇవ్వరు, అడిగినా తప్పే. ఆ రాత్రి యామిని మూడు ముద్దలకు లేచిపోతే, కనకరత్నం ఇంకొక్కటి అని బతిమాలలేదు. చెయ్యి కడిగించి పడుకోబెట్టింది.

మర్నాడు ఆదివారం. తుని నించి పాసింజరు రావడానికి ఇంకా నాలుగు గంటలుంది. పాలు పొంగకముందే చిన్న స్టీలు గిన్నె కడిగి, నాలుగు నెలలుగా తొక్కని ఎదురింటి గుమ్మం ముందు నిలబడింది. మంగతాయారు గారు ముగ్గు చిప్ప చేత్తో పట్టుకునే బయటికొచ్చి, ఏంటమ్మా ఇలా దారి తప్పావు అంది. కనకరత్నం తల ఎత్తలేదు గాని, మాట మాత్రం స్పష్టంగానే వచ్చింది.

"మా రమణక్క తోడు మీ ఇంట్లో ఇంకా ఉందంట కదండీ. ఒక్క చెంచాడు పెట్టండి."

మంగతాయారు గారు ముగ్గు చిప్ప కింద పెట్టేసి, గిన్నె అందుకుని లోపలికి వెళ్లింది. చెంచాడు కాదు, సగం గిన్నె నింపి తెచ్చింది. కనకరత్నం దాన్ని తీసుకుని వెనక్కి తిరిగితే, మెట్ల కింద యామిని నిలబడి ఉంది. ఎప్పుడు లేచి వచ్చిందో, కాళ్లకు చెప్పులు కూడా లేవు. పిల్ల గిన్నెలోకి వంగి వాసన చూసింది. తరవాత రెండు చేతులూ చాచి, "నేను పట్టుకుంటాను పిన్నీ, నువ్వు తలుపు తియ్యి" అంది.

కనకరత్నం గిన్నె ఇచ్చేసి, ముందు నడిచి తలుపు తీసింది.