ఓబులమ్మ దించిన దీపం

ఎప్పుడో, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, ఎర్రనేలల మధ్య ఒక ఊరుండేదట. ఆ ఊళ్లో ఓబులమ్మ అనే వడ్డె ఆడమనిషి ఉండేదట. మొగుడు సుంకన్న బావులు తవ్వేవాడు. ఆమె గట్టుమీద నిలబడి మట్టితట్టలు చేదేది.

ఒక ఏడు వానల్లేవు. బావులన్నీ ఎండాయి. ఊరి చివర ఒక పాతబావి ఉంది. ఏళ్లుగా రాతిపలకలు కప్పి వదిలేశారు. పూడిక తీస్తే నీళ్లు పడతాయన్నారు పెద్దలు. పొద్దున్నే పలకలు జరిపారు. సుంకన్న తాడు పట్టుకుని దిగాడు.

"ఏమయ్యో, అడుగు అందిందా?" అని పిలిచింది ఓబులమ్మ. పలుకు లేదు.

మళ్లీ పిలిచింది. పలుకు లేదు.

"అన్న కాలు జారి పడ్డాడేమో వదినా, నేను తీసుకొస్తా" అని మరిది మారెన్న దిగాడు. సగం దాటాడో లేదో, తాడు వదులైపోయింది. దబ్బుమని చప్పుడు.

"మారెన్నా!"

పలుకు లేదు.

ఓబులమ్మ గట్టుమీంచి లోపలికి వంగి చూసింది. ఏడుపు కూడా రాలేదు. ఇప్పుడే కదా ఇద్దరూ సద్ది తాగి లేచారు! అరుపు లేదు, మూలుగు లేదు. మనుషులు ఇంత సులువుగా పోతారా?

"బావిలో దయ్యముంది!" అంటూ జనం వెనక్కి జరిగారు. ఆమె తమ్ముడు చౌడప్ప మాత్రం పంచె బిగించాడు.

"ఆగరా. ముందు వాళ్లెక్కడున్నారో చూడనీ."

దీపం వెలిగించి తట్టలో పెట్టి దించింది. సగం లోతుకు పోగానే ఆరిపోయింది. బయట ఆకు కదలడం లేదు. మళ్లీ దించింది. అక్కడే ఆరింది. మూడోసారి దించింది. అక్కడే, ఎవరో ఊదినట్టు ఆరింది.

"దయ్యం కాదురా చౌడా! నీళ్లు పల్లానికి చేరినట్టు, ఏదో చెడ్డగాలి అడుగున చేరింది. దీపం బతకని చోట మనిషెట్లా బతుకుతాడు?"

"బావ లోపల పడున్నాడు. వదులక్కా!"

"ఇద్దర్ని ఇచ్చినా. నిన్నియ్యను."

వేపమండలు మోపుగా కట్టి, తాడుతో దించుతూ లాగుతూ లోపలి గాలిని కలియబెట్టారు. తాగడానికి దాచుకున్న నీళ్లు కడవలతో కుమ్మరించారు. ఆ తర్వాత దీపం అడుగుదాకా వెలుగుతూనే దిగింది. ఆ వెలుగులో అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే పడి ఉన్నారు. చౌడప్ప నడుముకు తాడు కట్టుకుని దిగి, ఇద్దర్నీ పైకి చేర్చాడు. సుంకన్న ఒంటిమీద గీత కూడా లేదు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

అప్పుడు ఏడ్చింది ఓబులమ్మ.

ఆనాటి నుంచి చుట్టుపక్కల ఏ ఊళ్లో పాతబావి తెరిచినా ఆమె దీపంతో వెళ్లి నిలబడేది. కొన్నేళ్లకు ఆమె కూడా పోయింది.

ఇప్పటికీ ఆ ఊళ్లలో బావి తెరిస్తే ముందు మనిషి దిగడు, దీపం దిగుతుంది. గట్టుమీది ఆడవాళ్లు లోపలికి వంగి అడుగుతారు:

"ఓబులమ్మా, ఊపిరుందా?"

దీపం నిలిస్తే ఉన్నట్టు. ఆరిందా, ఎంత దాహమైనా సరే, ఆ రోజు ఎవ్వరూ దిగరు.