కుంకుడు రసం తీర్పు

ఎక్కడని అడక్కండి, ఒకానొక రాజ్యంలో చండభూపాలుడనే రాజు ఉండేవాడు. సామంతులు పెట్టే బాధలు జనం చెప్పుకోవడానికి ఆయన ధర్మసభ ఒకటి పెట్టాడు. మంచిదే! కానీ దానికో నియమం కూడా పెట్టాడు. ఫిర్యాదు ముందు సొంత సామంతుడికే చెప్పుకోవాలి, అతను కాదంటేనే ఇక్కడికి రావాలి. ఆ నియమం తానే రాశానని రాజుగారికి మహా గర్వం.

ఒకనాడు నూకాలు అనే ఇల్లాలు సభకొచ్చి బావురుమంది.

"మహాప్రభో! వెట్టి చెయ్యనన్నాడని నా పెనిమిటిని మా సామంతుడు చెరలో వేశాడు. మనిషి చిక్కి శల్యమైపోయాడు. ఇంకొన్నాళ్ళుంటే నాకు దక్కడు."

"మీ సామంతుడికి చెప్పుకున్నావా?"

"కాళ్ళరిగేలా తిరిగాను బాబూ. ఎప్పుడెళ్ళినా 'చూద్దాం' అంటాడు."

"కాదనలేదుగా! అయితే నీ ఫిర్యాదు చెల్లదు. పోయి మళ్ళీ అడుగు," అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

ఆ సభలో చిట్టిభట్టు అనే కవి ఉన్నాడు. మనిషి పిట్టంత, బుర్ర మాత్రం పాదరసం! నూకాలు ఏడుపు చూసి అతను ఆమె దగ్గరికి వెళ్ళాడు. "రేపటిదాకా ఊళ్ళోనే ఉండమ్మా," అని మెల్లిగా చెప్పాడు.

మర్నాడు రాజుగారి తలంటు. ఆ సమయంలో చిట్టిభట్టు పక్కన కూర్చుని కబుర్లు చెప్పడం ఆనవాయితీ. పోలయ్య అనే పనివాడు కుంకుడు రసం పోసి తల రుద్దుతున్నాడు. చిట్టిభట్టు అతనికి ముందే ఓ మాట నేర్పి ఉంచాడు. రసం కాస్తా రాజుగారి కళ్ళలోకి దిగింది.

"అబ్బా, మంట! చిట్టిభట్టూ, నీళ్ళు పొయ్యవయ్యా!"

చెంబు చిట్టిభట్టు చేతిలోనే ఉంది. "చిత్తం ప్రభూ. రసం పోసినవాణ్ణి ముందు అడిగారా?"

"ఒరే పోలయ్యా, నీళ్ళురా!"

"చూ... చూద్దాం ప్రభూ," అన్నాడు పోలయ్య.

"విన్నారుగా, వాడు కాదనలేదు. మీ ఫిర్యాదు నా దగ్గర చెల్లదు. మళ్ళీ వాణ్ణే అడగండి."

"నీ మొహం! కళ్ళు పోయేదాకా అడుగుతూ కూర్చోనా? వాడు చూద్దామంటుంటే..." రాజు మాట సగంలో ఆగిపోయింది.

వెంటనే చిట్టిభట్టు చెంబెడు నీళ్ళూ ఆయన కళ్ళమీద పోశాడు. "మీ నియమం మంచిదే ప్రభూ. ఇంటి తగువు ఇంట్లో తెగితే అందరికీ సుఖం. కానీ మంట పెట్టినవాడే నీళ్ళివ్వాలంటే ఎలా? నూకాలు మొగుడికి అంత వ్యవధి లేదు."

ఎర్రబడ్డ కళ్ళతో రాజు ఉరిమి చూశాడు. పోలయ్య చిట్టిభట్టు వెనక్కి నక్కాడు. అంతలో రాజు పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు.

"ఔరా! నా నియమంతో నాకే బుద్ధి చెప్పావు!"

తడి జుట్టుతోనే గుర్రపు రౌతుల్ని పంపాడు. సాయంత్రానికి నూకాలు భుజం పట్టుకుని ఆమె మొగుడు సభలోకి నడిచొచ్చాడు. ఎడతెగని 'చూద్దాం' కాదన్నదానితో సమానమని రాజు అక్కడే చాటింపు వేయించాడు.

"చిట్టిభట్టూ, ఏం కావాలో కోరుకో!"

"పోలయ్యకు అభయమివ్వండి. నాకు తమ మెళ్ళో హారం చాలు."

"హారమా? చూద్దాం," అన్నాడు రాజు కొంటెగా.

చిట్టిభట్టు కండువా కొంగు విప్పాడు. అందులో గుప్పెడు కుంకుడుకాయలు!

సభంతా గొల్లుమంది. రాజు పడీపడీ నవ్వుతూనే గబగబా హారం తీసి అతని మెడలో వేశాడు.