గంటాలమ్మ లంక వల్ల ఒరిగిందేమిటి?

ఒకానొక రాజ్యంలో, పేరు నీలవరం అనుకోండి, మార్తాండ భూపతి అనే రాజుగారు ఉండేవారు. ఆయన బిరుదులన్నీ చదవడానికి వందిమాగధులకి అరఘడియ పట్టేది. అంతసేపూ ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. నిద్రపోతున్నారని గిట్టనివాళ్ళు అనేవారు గాని, ఒక్క బిరుదు జారవిడిస్తే చాలు, కళ్ళు తెరుచుకునేవి.

మనిషి చెడ్డవారు కాదు. ఆ మాట ముందే చెప్పాలి. కాకపోతే ఆయనకొక ఊతపదం ఉండేది. ఎవరు ఏ మనవి చేసుకున్నా, మీసం మీద చెయ్యి వేసి, "దానివల్ల మాకు ఒరిగేదేమిటి?" అనేవారు. ఊరి బావి పూడిక తీయించమన్నా అదే మాట, సత్రానికి కప్పు వేయించమన్నా అదే మాట. రాణిగారికి మగపిల్లవాడు పుట్టాడని చెప్పవచ్చిన దాసితో కూడా అలవాటు కొద్దీ అదే అనేసి, తరవాత నాలిక కరుచుకున్నారట.

రాజుగారి ఎడమ పక్కన అడపం పట్టుకుని పేరయ్య నిలబడేవాడు. అడపం అంటే ఆకూ వక్కా పెట్టుకునే పెట్టె. రాజుగారు చూడకుండా చెయ్యి చాపుతారు, పేరయ్య అందులో చిలక చుట్టిన తాంబూలం పెడతాడు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. మాట్లాడడం అతని ఉద్యోగంలో లేదు. అందుకేనేమో, ఎప్పుడైనా ఒక మాట అంటే సభంతా చెవులు రిక్కించేది.

ఊరి పక్క ఏటి మధ్యన ఒక ఇసక లంక ఉంది. అందులో గంటాలమ్మ అనే ఆవిడ దోసపాదులు పెట్టేది. మొగుడు పోయిన నాటి నుంచి ఆవిణ్ణీ, ఇద్దరు ఆడపిల్లల్నీ ఆ ఇసకే సాకింది. ఆ వేసవిలో లంకలో దోస విరగకాసింది. ఆకు కనపడకుండా కాయ. ఇదే అదను అనుకుని గంటాలమ్మ ఒక గంపనిండా ఏరిన కాయలు పెట్టుకుని సభకి వచ్చింది. ఆ లంక తన పేర రాయించమని అడగడానికి. రాత లేకపోతే రేపెవరు పొమ్మన్నా పోవలసిందే.

"ఆ లంక నీకిస్తే మాకు ఒరిగేదేమిటి?" అన్నారు రాజుగారు.

గంటాలమ్మ జవాబు ఆలోచించుకోలేదు. పాపం, దణ్ణం పెడితే చాలనుకుంది. తడబడి, "ఓ కాయ తిని సూడండి మారాజా" అని గంపలోంచి పసుపుపచ్చని కాయ ఒకటి తీసింది. కత్తితో కొన కోసి, ఆ ముక్క నోట్లో పెట్టుకోబోయింది.

దోసకాయ సంగతి వంటింట్లో మెలిగిన ఎవరికైనా తెలుసు. పైకి చూస్తే అన్నీ ఒకటే, లోపల ఏది చేదో దేవుడికే తెలియాలి. అందుకే ముందు చిన్న ముక్క నాలిక్కి తగిలించి చూస్తాం. కానీ మంత్రి రుద్రామాత్యులవారు వంటింటి గడప తొక్కి ఎరగరు. "ఎంగిలి చేసి ప్రభువులకి పెడతావా?" అని గద్దించారు. గంటాలమ్మ చెయ్యి ఆగిపోయింది. రుచి చూడకుండానే కాయ రాజుగారి చేతికి వెళ్ళింది.

మీరు ఊహించినట్టే, అది చేదు.

మామూలు చేదు కాదు. రాజుగారు నిండు సభలో, అందరూ చూస్తుండగా పెద్ద ముక్క కొరికారు. ఉమ్మేద్దామంటే పరువు అడ్డం వచ్చింది. మింగుదామంటే గొంతు అడ్డం వచ్చింది. ముఖం ఎర్రబడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మీసాలు వాటంతట అవే కదిలాయి. చివరికి మింగారు. ఆ కాసేపు నవ్వు ఆపుకోవడానికి సభలో పెద్దమనుషులు పడిన అవస్థ మాత్రం తక్కువేమీ కాదు.

ఆ కోపంలో రెండు ఆజ్ఞలు వెలువడ్డాయి. విజయదశమి నాటికి లంక ఖాళీ చెయ్యాలి, అది ఏనుగులు తిరగడానికి. ఇక మీదట ఆ కాయ పేరు ప్రభువుల ఎదుట ఎత్తినవాడి నాలుక కోయిస్తారు.

రెండో ఆజ్ఞతో కోటలో వచ్చిన తిప్పలు చెప్పనలవి కాదు. పొద్దున పలహారానికి దోసెలు వేసిన వంటవాడు వణికిపోయి వాటిని అట్లు అన్నాడు. పురాణం చదివే పండితుడు "దోసిలి ఒగ్గి" అన్న చోటికి వచ్చి దగ్గి, "రెండు చేతులూ కలిపి" అని సర్దుకున్నాడు. జ్యోతిష్కుడైతే ఎవరి జాతకంలోనూ దోషం అన్నదే లేదని చెప్పడం మొదలుపెట్టాడు. జనానికి అది మాత్రం నచ్చింది.

గంటాలమ్మకి ఏ నవ్వూ లేదు. రాజుగారికి చేదైన కాయని బజారులో ముట్టుకునేవాడు లేడు. పాదుల నిండా కాయ, బండి నిండా కాయ, కొనే నాథుడు లేడు. నాలుగు రోజులకి కోట గుమ్మం దగ్గర పేరయ్యకి ఎదురుపడింది. ఏడవలేదు గాని, ఏడ్చి వచ్చిన ముఖమని చూడగానే తెలిసింది. ఆనాడు సభలో నాలుగడుగుల దూరంలో నిలబడి కూడా తాను ఒక్క మాట అనలేదని పేరయ్యకి గుర్తొచ్చింది.

"అక్కా, ఆ కాయలన్నీ ఏం చేస్తావు? పారబోస్తావా?"

"పారబోస్తానా తమ్ముడూ? కాసిన కాయని పారబోసే సెయ్యి కాదిది. తినేవోళ్ళు లేకపోతే ఎండబెడతాను."

"ఎన్నని ఎండబెడతావు?"

"ఎండ ఉన్నన్ని" అంది గంటాలమ్మ.

ఎండబెట్టి ఏం చేస్తావని పేరయ్య అడిగాడు. ఆవిడ చెప్పిన మాట విని అతని ముఖం వెలిగింది. ఒక్కటే అడిగాడు, వానలు పడ్డాక తను కబురు చేస్తే ఒక మూట ఇస్తావా అని. ఆవిడ సరేనంది. ఆశ ఉండి కాదు, అడిగింది అతనొక్కడే గనక.

ఇక లంకలో పని మొదలైంది. గట్టి తొక్క ఉన్న ముదురు కాయలని అరటినారతో కట్టి, ఒకదానికొకటి తగలకుండా పాక దూలాలకి వేలాడదీశారు. మిగిలినవాటికి కొన కోసి నాలిక్కి తగిలించి, చేదువి అవతల పడేశారు. మంచివాటిని చీల్చి గింజ తీసి, గింజలు కడిగి ఆరబోశారు. కండని పలచటి ముక్కలుగా తరిగి, పుల్లమజ్జిగలో ఉప్పూ పసుపూ వేసి అందులో నానేశారు. పగలు చాపల మీద ఎండ, పొద్దు వాలాక మళ్ళీ అదే మజ్జిగ. మజ్జిగంతా ముక్కలే తాగేసేదాకా అలాగే. ఆఖరికి గుప్పెడు తీసి కుండలో వేస్తే గవ్వల్లా గలగలలాడాలి. అప్పటికి పూర్తయినట్టు. చూసిపోవడానికి వచ్చిన ఇరుగమ్మలు, రేపు దసరాకి పోవలసినవాళ్ళకి ఇంత పనెందుకే అన్నారు. గంటాలమ్మ వినిపించుకోలేదు. చేతులు ఆడుతున్నంతసేపే ఆవిడకి భయం వేసేది కాదు.

శ్రావణంలో వానలు పట్టుకున్నాయి. ఏరు పొంగి లంక మునిగింది. గంటాలమ్మ కూతుళ్ళతో, కుండలతో గట్టుకి చేరింది. ఊళ్ళో కూరా నారా కరువైంది. భాద్రపదం వచ్చేసరికి రాజుగారికి జ్వరం తగిలింది.

పదకొండు లంఖణాలు చేశాక జ్వరమైతే దిగింది గాని, నోటికి రుచి పోయింది. ఏది పెట్టినా మట్టిలా ఉందనేవారు. జావ తెస్తే ముఖం తిప్పుకునేవారు. వంటవాళ్ళు పాయసం చేశారు, పులిహోర చేశారు, ముట్టుకోలేదు. మనిషి సగమయ్యారు. ఇంకో నాలుగు రోజులు ఇలాగే ఉంటే తన చేతిలో లేదని వైద్యుడు రాణిగారితో చెప్పాడు. బిరుదులు చదవబోతే కూడా వద్దని చెయ్యి ఊపారట, అప్పుడు అందరికీ నిజంగా భయం వేసింది.

తాంబూలం కూడా వద్దన్నాడు వైద్యుడు. అయినా పేరయ్య అడపం పట్టుకుని రోజూ మంచం పక్కన నిలబడేవాడు. రాజుగారు అప్పుడప్పుడు అలవాటుగా, చూడకుండా, చెయ్యి చాపేవారు. ఖాళీ చేతిని కాసేపు అలాగే ఉంచి, మళ్ళీ దుప్పటిలోకి లాక్కునేవారు. ముప్ఫై ఏళ్ళు పేరయ్యకి అన్నం పెట్టిన చెయ్యి అది.

వైద్యుడు ఆ మాట చెప్పిన రోజే అతను గట్టుకి కబురు చేసి మూట తెప్పించాడు. మర్నాడు పగలు రాజుగారి ముందు జావగిన్నె పెట్టారు. ఆయన ముఖం తిప్పుకున్నారు. కాసేపటికి చెయ్యి చాపారు. ఈసారి పేరయ్య అడపం మూత తీసి, అరచేతిలో ఒకటి పెట్టాడు.

రాజుగారు నోట్లో వేసుకున్నారు. కరకరమంది. ఆయన కళ్ళు తెరిచారు. ఉప్పగా, పుల్లగా, నేతిలో వేగిన కమ్మదనంతో ఏదో నాలిక మీద కరిగిపోయింది. రుచి తెలిసింది. మళ్ళీ చెయ్యి చాపారు. మూడోది నములుతూ జావగిన్నె ఎత్తారు. గిన్నె ఖాళీ అయింది. రాణిగారు గోడవైపు తిరిగి కళ్ళు ఒత్తుకున్నారు.

"పేరయ్యా, ఏమిటివి?" అన్నారు రాజుగారు.

"ఒరుగులు ప్రభూ. ఎండబెట్టిన ముక్కలు."

"దేని ఒరుగులు?"

పేరయ్య చేతులు కట్టుకున్నాడు. "ఆ పేరు ఎత్తితే నాలుక కోయిస్తామని వేసవిలో తమ ఆజ్ఞ అయింది."

మంచం అవతల కూర్చున్న మంత్రిగారికి వెలిగింది. ఇది రాజధిక్కారమని, భటులని పిలుస్తానని లేచారు. రాజుగారు ఆయన్ని చూపుతోనే కూర్చోబెట్టి, అడపం వైపు చూశారు. అందులో ఇంకా నాలుగే ఉన్నాయి.

"అభయమిచ్చాం. చెప్పు."

"చెబితే నాకు ఒరిగేదేమిటి ప్రభూ?"

ఆ మాట రాజుగారు అనడమే గాని, ఆయనతో ఎవరూ అని ఎరగరు. ఆయన కూడా మొదటిసారి విన్నారు. విన్నాక ఎలా ఉంటుందో తెలిసింది కాబోలు, ముఖంలో రంగులు మారాయి.

పేరయ్య గొంతు తగ్గించాడు. "నాకేమీ వద్దు ప్రభూ. ఇదే ప్రశ్న తమరు వేసవిలో ఒకావిణ్ణి అడిగారు. ఆ లంక వల్ల మాకు ఒరిగేదేమిటన్నారు. ఆవిడకి మాటలు రావు. రెండు నెలలు ఎండలో కూర్చుని చేత్తో చేసింది జవాబు. తమరిప్పుడు తిన్నది అదే."

రాజుగారు చేతిలో ఉన్న ముక్క వైపు చూశారు. "లంక వల్ల ఒరిగేది..." అని గొణుక్కున్నారు. "ఒరుగులు!" అని పకపకా నవ్వారు. నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు మళ్ళీ నవ్వులోకి వచ్చింది. నెల రోజుల తరవాత ఆ గదిలో వినపడిన మొదటి నవ్వు అది. వైద్యుడు కూడా నవ్వాడు, తన మందు వల్లేనని చెప్పుకోవచ్చు గదా అని.

"మరి ఆనాటి చేదు మాటేమిటి?" అన్నారు రాజుగారు, నవ్వు తగ్గాక.

"ఆవిడ రుచి చూసి ఇవ్వబోయింది ప్రభూ. ఎంగిలన్నారు."

ఎవరన్నారో పేరయ్య చెప్పలేదు, ఎవరి వంకా చూడనూ లేదు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే మంత్రిగారు భుజాలు తడుముకున్నారు.

లంక గంటాలమ్మకీ, ఆవిడ కూతుళ్ళకీ, వాళ్ళ పిల్లలకీ రాసిచ్చారు. ఏనుగులు ఎప్పుడూ తిరిగే చోటే తిరిగాయి. రాజుగారు చేతి కడియం తీసి పేరయ్యకి ఇచ్చారు. అతను కాదనలేదు. చమత్కారం తెలిసినవాడికి మాత్రం ఇల్లు గడవద్దా? దోస పేరు మీద నిషేధమూ ఆనాటితో పోయింది. జాతకాల్లోకి దోషాలు మళ్ళీ వచ్చాయి.

ఊతపదం మాత్రం పోలేదు, పుట్టుకతో వచ్చింది కాబోలు. కాకపోతే రాజుగారు "ఒరిగేదేమిటి?" అన్నప్పుడల్లా సభలో ఎవరో ఒకరు ముసిముసిగా నవ్వేవారు. ఆ నవ్వు చూసి ఆయనకి ఆకలి వేసేది. ఆకలి వేసినప్పుడు మనిషి మెత్తబడతాడు. ఊరి బావి పూడిక ఆ లెక్కనే తీయించారు. సత్రానికి కప్పు పడింది.

మరుసటి వేసవిలో గంటాలమ్మ మళ్ళీ గంపతో సభకి వచ్చింది. ఒక కాయ తీసి, కొన కోసి, చెయ్యి గాలిలో ఆపి మంత్రిగారి వైపు చూసింది. మంత్రిగారు నేల వైపు చూశారు.

"రుచి చూడమ్మా" అన్నారు రాజుగారు. "నువ్వు చూడకపోతే మేం తినం."

ఆవిడ ఆ ముక్క నాలిక్కి తగిలించుకుని, తల ఊపి, కాయ ఆయన చేతికిచ్చింది.