గరుడా? హంసా?

గాజులమ్ముకునే నూకాలు జాతరలో కొట్టు పెట్టుకునే చీటీ కోసం పొద్దున్నే రాజుగారి కచేరీకి వచ్చింది. చీటీలిచ్చే గుమాస్తాలిద్దరూ రాజుగారి ముందు కంప్యూటర్ల గురించి కీచులాడుకుంటున్నారు.

"నా గరుడ సిస్టమ్‌లో జరగని పనే లేదు ప్రభూ!"

"మధ్యలో అప్‌డేటంటూ ఆగిపోతుందిగా! నా హంస ఆగనే ఆగదు."

"బయటి ఫైలిస్తే తెరవనే తెరవదుగా!"

విసిగిపోయిన రాజు నూకాలు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు, ఏది మేలు?"

ఏది మేలన్నా రెండోవాడు తన చీటీ తొక్కిపెడతాడని నూకాలుకి తెలుసు.

"నాకేం తెలుసు మారాజా! పనిచేసేదాని ముందు మనిషి కూర్చునుంటాడు కదా. ఈ బాబులిద్దరూ పొద్దుట్నుంచీ ఇక్కడే నిలబడున్నారు."

గుమాస్తాలు పడుతూ లేస్తూ కుర్చీలకేసి పరుగెత్తారు.

జాతరలో నూకాలు గరుడలోంచి వచ్చిన చీటీతో తను కొట్టు పెట్టుకుంది, హంసలోంచి వచ్చిన చీటీతో చెల్లెలి చేత పెట్టించింది.